నాయనమ్మ సంవత్సరీకానికి జ్ఞాపకాల పుస్తకం వేయాలి: ఏం రాయాలి, ఎలా వేయించాలి?

లంకమనవరాలు:

అందరికీ నమస్తే. మా నాయనమ్మ 2025 శ్రావణ బహుళ పంచమి నాడు కాలం చేశారు. సంవత్సరీకానికి వచ్చినవాళ్ల చేతిలో ఒక చిన్న పుస్తకం పెడదామని ఇంట్లో అనుకున్నారు. రాయడం, వేయించడం రెండూ నా నెత్తిన పడ్డాయి.

ఆవిడ పుట్టిల్లు కోనసీమలో ఒక లంక, అంటే గోదావరి పాయల మధ్య దీవి. మెట్టినిల్లు మధిర దగ్గర పల్లె. ఐదుగురు పిల్లలు, పదకొండుమంది మనవలు. ఉద్యోగం చేయలేదు, సభల్లో మాట్లాడలేదు, ఇల్లే లోకం. బంధువుల్ని తలా ఒక పేజీ రాసిమ్మంటే ఇచ్చారు గానీ అందరిదీ ఒకే పాట: అనురాగమూర్తి, సహనశీలి, తాతయ్యకు నీడలా నిలిచింది, అన్నపూర్ణ. పేరు తీసేస్తే ఏ ఇంటి నాయనమ్మకైనా సరిపోయేలా ఉన్నాయి. దీన్ని ఆవిడ పుస్తకంగా ఎలా మార్చాలి?

ఇంకో చిక్కు. ప్రమాది సంవత్సరం పుష్యమాసంలో పుట్టిందని పెదనాన్న అంటారు. ఆధార్‌లో 01-01-1942 ఉంది. ఏది వేయాలి? పాత ఫొటోలు కొన్ని పటాల్లో అద్దానికి అంటుకుపోయాయి. 150 కాపీలు చాలు. తెలిసినవాళ్లు చెప్పండి.


పాతదస్త్రం:

ముందు తేదీలు తేల్చుకోండి, రాత సంగతి తర్వాత.

పెద్దవయసు వాళ్ల ఆధార్‌లో జనవరి 1 కనిపిస్తే దాన్ని పుట్టినరోజుగా తీసుకోకండి. పుట్టిన తేదీకి కాగితం లేక వయసు మాత్రమే చెప్పినవాళ్లకు లెక్కకట్టిన సంవత్సరం, దాని ముందు జనవరి 1 పడతాయి. ఇక్కడ మీ పెదనాన్నగారి మాటకే బలం ఎక్కువ. ప్రమాది 1939 ఉగాదితో మొదలై 1940 ఉగాదికి ముందురోజుతో అయిపోయింది. అందులో పుష్యం 1940 జనవరి రెండో వారం నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా నడిచింది. అంటే ఆవిడ పుట్టింది 1940లో. చాలా పుస్తకాల్లో తప్పు జరిగేది ఇక్కడే: ప్రమాది అంటే 1939 అని వేసేస్తారు. మాఘ, ఫాల్గుణాల్లో పుట్టినవాళ్ల విషయంలోనూ ఇదే పొరపాటు. తిథీ వారమూ రెండూ ఎవరికైనా గుర్తుంటే ఆ ఏటి పంచాంగంలో సరిచూడండి. రెండూ కలిస్తే తేదీ దొరికినట్టే. కలవకపోతే "1940, పుష్యమాసం" అని వేసి ఊరుకోండి. తెలియని రోజుని కల్పించి వేయడం కంటే అది వెయ్యి రెట్లు నయం.

రుజువుకి ఏమేం వెతకాలి? పెళ్లి శుభలేఖ దొరికితే సంవత్సరం, మాసం, తిథి, లగ్నం అన్నీ అందులోనే ఉంటాయి. అది లేకపోతే దస్తావేజులు. పసుపు కుంకుమ కింద పుట్టింటివాళ్లు భూమి రాసిచ్చి ఉంటే ఆ కాగితం బంగారం లాంటిది. తండ్రి పేరు, భర్త పేరు, ఊరు, తాలూకా, ఆనాటికి ఆవిడ వయసు వరసగా రాసి ఉంటాయి. 1966 దస్తావేజులో "వయస్సు 26" అని కనిపిస్తే మీ 1940కి ఇంకో ఆధారం దొరికినట్టు. వయసులు ఉజ్జాయింపుగా రాయించే అలవాటు ఉంది కాబట్టి ఒకటి రెండేళ్లు అటూ ఇటూ అయినా కంగారు పడకండి. కాపీ ఇంట్లో లేకపోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు తీసుకోవచ్చు, దస్తావేజు నంబరూ సంవత్సరమూ తెలిస్తే పని తేలిక. బడికి వెళ్లి ఉంటే ఆ బడి అడ్మిషన్ రిజిస్టరు అడగండి.

మధిర వైపు కాగితాల్లో రెండు సంగతులు గుర్తుంచుకోండి. హైదరాబాద్ రాజ్యం నాటివి ఉర్దూలో ఉంటాయి, చదివించుకోవాలి. సంవత్సరం ఫసలీలో (నిజాం నాటి రెవెన్యూ లెక్క) ఉంటే 590 కలపండి. 1357 ఫసలీ అంటే 1947-48.

ఊరి పేరు పక్కన జిల్లా పేరు వేసేటప్పుడు ఆనాటిదే వేయండి. మధిర 1953 అక్టోబరు 1కి ముందు వరంగల్ జిల్లాలో ఉండేది, ఖమ్మం జిల్లా ఏర్పడ్డది ఆ రోజునే. మీ లంక 1940లో తూర్పు గోదావరి జిల్లా. కోనసీమ విడిగా జిల్లా అయింది 2022 ఏప్రిల్ 4న. మండలాలు వచ్చింది 1985లో, అంతకుముందు తాలూకాలే. "1940లో కోనసీమ జిల్లా ఫలానా మండలంలో జన్మించారు" అని వేస్తే పట్టుకునేవాడు బంధువుల్లో ఒక్కడైనా ఉంటాడు.

ముసలివాళ్లకు సంవత్సరాలు గుర్తుండవు, సంఘటనలు గుర్తుంటాయి. "రెండో వాడు పుట్టింది ఎప్పుడు?" అని అడిగితే తెల్లమొహం వేస్తారు. "కొత్త పైసలు వచ్చాక పుట్టాడా, ముందా?" అంటే ఠక్కున చెబుతారు. కొత్త పైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. ఇలా పట్టుకోవడానికి కొన్ని గుర్తులు: హైదరాబాద్ మీద పోలీసు చర్య 1948 సెప్టెంబరు, గోదావరి పెద్ద వరదలు 1953, 1986 ఆగస్టుల్లో, దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19, రెండు రూపాయల బియ్యం 1983, కోనసీమ తుపాను 1996 నవంబరు 6. గోదావరి పుష్కరాలు 1991, 2003, 2015, కృష్ణ పుష్కరాలు వాటి తర్వాతి ఏళ్లలో. ఆవిడ ఏ పుష్కరాలకు ఎవరితో వెళ్లారో ఫొటోలతో సహా దొరుకుతుంది.

ఇక అసలు రోజు. తిథి లెక్క మామూలుగా ఏటా పది పదకొండు రోజులు ముందుకు వచ్చేస్తుంది కదా, ఆగస్టు మొదట్లోనే అనుకుని ప్రెస్సువాళ్లకు మాట ఇవ్వకండి. 2026లో అధిక జ్యేష్ఠం పడింది. దాంతో శ్రావణ బహుళ పంచమి సెప్టెంబరు తొలి రోజుల్లోకి పోయింది. మాసికాలు, ఊనాబ్దికం (సంవత్సరీకానికి కాస్త ముందు పెట్టేది) తేదీలు కూడా దీన్ని బట్టి మారతాయి కాబట్టి మీ పురోహితుల్ని ఇప్పుడే అడిగి రాసుకోండి. పుస్తకం పనికి మాత్రం ఒక నెల కలిసొచ్చింది.


మాటలమూట:

తేదీల మాట పైన చెప్పారు. రాత గురించి చెబుతాను.

విశేషణాలు రాసినవాళ్ల తప్పేం లేదు. "నాయనమ్మ గురించి రాయండి" అని అడిగితే ఎవరైనా అవే రాస్తారు. అడిగే తీరు మార్చండి. రాసిమ్మనకండి, కూర్చుని మాట్లాడించండి. ఒక్కొక్కరిని విడివిడిగా, గంటకు మించకుండా. పదిమందిని ఒకచోట కూర్చోబెడితే గొంతు పెద్దదైనవాళ్ల జ్ఞాపకమే అందరి జ్ఞాపకం అయిపోతుంది, తోటికోడళ్లు, ఆడపడుచులు ఒకరి ముందు ఒకరు నోరు విప్పరు.

"ఎలాంటి మనిషి?" అనే ప్రశ్నే వద్దు. పనులు అడగండి. పొద్దున ఎన్నింటికి లేచేవారు, లేవగానే ఏ పని? కోతల రోజుల్లో ఎంతమందికి వండేవారు, ఏ గిన్నెలో? ఇంటి డబ్బు ఎవరి చేతిలో, చిల్లర ఎక్కడ దాచేవారు? చీటీ కట్టేవారా? సంతకం చేసేవారా, వేలిముద్రా? ఉత్తరాలు ఎవరిచేత రాయించేవారు, ఎవరిచేత చదివించుకునేవారు? కాన్పులు ఎక్కడ జరిగాయి, మంత్రసాని ఎవరు? పుట్టింటికి ఏడాదికి ఎన్నిసార్లు, ఏ దారిన? మీ విషయంలో ఈ ఆఖరిది చాలా ముఖ్యం. మధిర నుంచి రైలు, ఆ తర్వాత బస్సు, పడవ, రేవు: ఆ ప్రయాణం ఒక్కటి సరిగ్గా పట్టుకుంటే రెండు పేజీలు నిండుతాయి. లంక నుంచి మెట్టకు కాపురానికి వచ్చిన పిల్లకు నీళ్లూ తిండీ మాటా ఏమేం మారాయో అందులోనే తెలుస్తుంది.

"తాతయ్యకు నీడలా నిలిచింది" అని ఎవరైనా అంటే ఆ వాక్యాన్ని అక్కడ ఆపి విప్పండి. ఆయనకు షుగరా? ఇన్సులిన్ ఆవిడే వేసేవారా, ఎవరు నేర్పారు? కూలీల లెక్క ఎవరు చూసేవారు? పొలం అమ్మాల్సి వచ్చినప్పుడు ఆవిడని అడిగారా? వద్దన్నారా? భర్త మాటకు ఎదురు చెప్పిన సందర్భం ఒక్కటైనా అడిగి వేయండి. అన్నింటికీ తలూపిన మనిషిగా చూపిస్తే చదివేవాళ్లకు ఆవిడ కనపడరు, తాతయ్యే కనపడతారు. ఇలాంటి పుస్తకాల్లో సగానికి సగం భర్తగారి జీవితచరిత్రలుగా తేలతాయి. ఒక కొలత పెట్టుకోండి: ఆవిడ చేసిన పని లేకుండా ఒక పేరా కూడా ఉండకూడదు. పెళ్లికి ముందు ఏళ్లు కూడా ఉన్నాయి కదా, వాటికి కనీసం నాలుగు పేజీలు ఇవ్వండి. పుట్టింటి ఇంటిపేరు, అమ్మానాన్నల పేర్లు, ఎన్నో సంతానం, తోడబుట్టినవాళ్లు, అన్నీ. కాపురానికి వచ్చాక పేరు మార్చి ఉంటే రెండు పేర్లూ వేయండి. ఆవిడ తోడబుట్టినవాళ్లలో ఎవరైనా బతికుంటే మొట్టమొదటి రికార్డింగు వాళ్లదే కావాలి.

రికార్డింగుకి ఫోన్ చాలు. ఫ్యాను ఆపండి, ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి మూరెడు దూరంలో బట్ట మీద ఉంచండి. చెక్క బల్ల మీద నేరుగా పెడితే ప్రతి తట్టూ అదురుతుంది. మొదట్లో మీరే తేదీ, ఊరు, మాట్లాడేవాళ్ల పేరు, వరస చెప్పండి. ఫైలు పేరులో కూడా అదే. రాసేటప్పుడు వాళ్ల యాసను పుస్తకభాషలోకి దిద్దకండి. ఆవిడ నోటి మాటలు, పిలుపులు, తిట్లు ఉన్నవి ఉన్నట్టు. లంక మాటా మధిర మాటా కలిసిన ఆ నుడికారం ఇంకెక్కడా దొరకదు.

పాడే హారతులు, లాలిపాటలు, నోముల కథలు ఎవరికైనా వస్తే అవి తప్పకుండా. సాహిత్యం ఒక్కటే రాస్తే వరస పోతుంది, పాడించి రికార్డు చేయండి. పుస్తకంలో క్యూఆర్ కోడ్ పెట్టొచ్చు: 2 సెంటీమీటర్లకు తగ్గకుండా, తెల్లకాగితం మీద నలుపులో, చుట్టూ ఖాళీ వదిలి. కాకపోతే ఎవరో ఒకరి సొంత గూగుల్ డ్రైవ్ లింకు ఇస్తే రెండేళ్లు ఆ ఖాతా వాడకపోతే గూగుల్ తీసేయవచ్చు. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఎక్కించి ఆ లింకు ఇవ్వడం మేలు. అది లోకానికంతటికీ కనిపిస్తుంది కాబట్టి పాడినవాళ్లను అడిగి ఎక్కించండి.

ముగ్గులు వేసేవారైతే ఫొటో ఒక్కటీ సరిపోదు. "15 చుక్కలు, 8 వరకు, సందు చుక్క" అని రాసి, గీత ఎక్కడ మొదలై ఎటు తిరుగుతుందో వేరేగా గీయాలి. సందు చుక్క బదులు ఎదురు చుక్క అని రాస్తే ఆ ముగ్గు రాదు.


అద్దంపటం:

ఫొటోల సంగతి చూద్దాం. అద్దానికి అంటుకున్న ఫొటోని పీకవద్దు. తేమకు ఫొటో పైపొర మెత్తబడి అద్దానికి పట్టేస్తుంది. లాగితే మొహమే అద్దం మీద మిగిలిపోతుంది. నీళ్లలో నానబెట్టమనీ, హెయిర్ డ్రయ్యర్ పెట్టమనీ చెప్పేవాళ్లు ఉంటారు, వినకండి. వెనక అట్ట, మేకులు మాత్రం తీసి అద్దంతో సహా స్కానర్ మీద బోర్లించండి. గాలి బుడగలు, తళుకులు కనిపిస్తే కెమెరాతో తీయాలి. పటాన్ని గోడకు నిలబెట్టి, రెండు పక్కల నుంచి 45 డిగ్రీల కోణంలో వెలుతురు పడేలా చూసి, కెమెరా ముందు నల్లబట్ట పట్టి, లెన్సు సరిపడా కంత చేసి తీస్తే ప్రతిబింబం పడదు. ఫ్లాష్ వద్దు.

విడి ఫొటోలకు మామూలు స్కానర్ చాలు. లెక్క ఇదీ: అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు (డీపీఐ) కావాలి. 2 అంగుళాల వెడల్పు ఫొటోని 600 డీపీఐలో స్కాన్ చేస్తే 1200 చుక్కలు, అంటే పుస్తకంలో 4 అంగుళాల వెడల్పుకు సరిపోతుంది. పాస్‌పోర్టు సైజు, అంతకన్నా చిన్నవి 1200లో చేయండి. నలుపు తెలుపు ఫొటోని కూడా కలర్ మోడ్‌లోనే స్కాన్ చేయాలి. పసుపు మరకలను తర్వాత విడదీయడం సులువు. టిఫ్ ఫైలు భద్రంగా దాచి, దాని కాపీ మీదే పని చేయండి. ఫొటో వెనక స్టూడియో ముద్ర, చేతిరాత ఉంటే ఆ వైపు కూడా స్కాన్ చేయండి, ఊరూ ఏడూ అక్కడే దొరుకుతాయి.

బంధువుల నుంచి తెప్పించుకునేటప్పుడు వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపమనండి. ఫొటోగా వస్తే సైజు తగ్గిపోతుంది, స్క్రీన్ మీద బాగానే ఉండి అచ్చులో మసకేస్తుంది.

ఏఐ యాప్‌లతో పాత ఫొటోల్ని కొత్తగా మార్చడం గురించి నా అభిప్రాయం గట్టిది: పుస్తకానికి వద్దు. మసకగా ఉన్న మొహానికి అది తనకు తోచిన కళ్లూ పెదాలూ అతికిస్తుంది. ముక్కుపుడకని మచ్చ అనుకుని చెరిపేసే ప్రమాదం ఉంది. చీరకు వేసే రంగు దాని ఊహే. చూసినవాళ్లు "బాగుంది గానీ ఆవిడలా లేదు" అంటారు. గీతలు, మరకలు, చిరుగులు చేత్తో దిద్దించండి, మొహం జోలికి పోవద్దని స్టూడియోవాళ్లకు ముందే చెప్పండి. బొట్టు, ముక్కుపుడక, చెవుల దుద్దులు ఒరిజినల్‌తో పోల్చి చూసుకున్నాకే ఖాయం చేయండి.

ఫొటో కింద అందరి పేర్లూ ఎడమ నుంచి కుడికి, నిలబడ్డవారు, కూర్చున్నవారు అని విడిగా. ఎవరో తెలియకపోతే "గుర్తించలేదు" అని వేయండి. ఒరిజినల్ వెనక రాసేటప్పుడు బాల్‌పెన్ను వద్దు, మెత్తని పెన్సిల్‌తో అంచున రాయండి. లామినేషన్ చేయించే ఆలోచన ఉంటే మానుకోండి, వేడికి పాడైతే మళ్లీ విడదీయలేరు.


అచ్చుగది:

150 కాపీలకు ఆఫ్‌సెట్ (ప్లేట్లు చేసి వేసే అచ్చు) గిట్టుబాటు కాదు, డిజిటల్ ప్రింటుకే వెళ్లండి. సైజు డెమీ 1/8, అంటే సుమారు 5.5 x 8.5 అంగుళాలు. పేజీలు నాలుగు గుణిజంలో ఉండాలి. సెంటర్ పిన్ (మడత మధ్యలో పిన్నులు) వేయిస్తే 48 పేజీలు బాగా కుదురుతాయి. 64 దాటితే పిన్ దగ్గర ఉబ్బి తెరుచుకుంటుంది, అప్పుడు పర్ఫెక్ట్ బైండింగే (వీపు దగ్గర జిగురుతో అంటించేది). లోపల 80 జీఎస్‌ఎం (కాగితం మందం చెప్పే బరువు లెక్క) మాప్‌లిథో, అంటే మామూలు తెల్ల పుస్తకం కాగితం, ఫొటోల పేజీలు 130 జీఎస్‌ఎం ఆర్ట్ పేపరు, అట్ట 300 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డు మీద మ్యాట్ లామినేషన్. 70 జీఎస్‌ఎం వేస్తే వెనక పేజీ ఫొటో ఇవతలికి కనిపిస్తుంది.

చదివేవాళ్లలో సగం మంది అరవై దాటినవాళ్లు. అక్షరం 13 పాయింట్లకు తగ్గించకండి. ఆ సైజులో పేజీకి 170 నుంచి 200 మాటలు పడతాయి. ఇరవై ఫొటోలు పోను 48 పేజీల్లో 5 వేల మాటలకు చోటు. అంతకు మించి రాస్తే కత్తిరించాల్సిందే, అక్షరం చిన్నది చేయడం దారి కాదు.

ఫాంటు దగ్గర గొడవలొస్తాయి. పాత డీటీపీ సెంటర్లు అను అనే పాత పద్ధతి ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో చేస్తాయి, మీరు ఫోన్‌లో టైపు చేసేది యూనికోడ్, అంటే అన్ని ఫోన్లలో కంప్యూటర్లలో పనిచేసే అక్షర పద్ధతి. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చినప్పుడు కొన్ని ఒత్తులు, విరామ చిహ్నాలు తారుమారవుతాయి. మార్చాక మళ్లీ మొదటి అక్షరం నుంచి ప్రూఫు చూడాలి, ఆ సంగతి ఎవరూ చెప్పరు. వీలైతే యూనికోడ్‌లోనే పేజీలు కట్టించండి. మండలి, నోటో సెరిఫ్ తెలుగు లోపలి రాతకు బాగుంటాయి, శీర్షికలకు రామభద్ర. అన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితమే. ఇన్‌డిజైన్‌లో (పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్) చేసేవాళ్లు అందులోని వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టుకోకపోతే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. "స్త్రీ", "శ్రద్ధ", "జ్ఞాపకం", "లక్ష్మి" అనే నాలుగు మాటలు పీడీఎఫ్‌లో పెద్దవి చేసి చూడండి. అవి సరిగ్గా ఉంటే మిగతావి చాలావరకు సరిగ్గానే ఉంటాయి.

పీడీఎఫ్ ఫాంట్లు పొదిగి ఇవ్వాలి. అంచు దాకా ఫొటో పోయే పేజీలకు చుట్టూ 3 మిల్లీమీటర్లు అదనంగా వదలాలి. ఐఎస్‌బీఎన్ (అమ్మే పుస్తకాలకు ఇచ్చే నంబరు) అక్కర్లేదు, ఇంటివాళ్లకు పంచేదే కదా.

ప్రూఫు ముగ్గురు చూడాలి: ఒకరు భాష, ఒకరు తేదీలు, ఒకరు పేర్లు మాత్రమే. 150 మొత్తం కొట్టించే ముందు ఒక్క కాపీ పూర్తిగా కుట్టించి తెప్పించుకుని ఇంట్లో పెద్దవాళ్ల ముందు పెట్టండి. సెప్టెంబరు మొదట్లో కావాలంటే జూన్ చివరికి రాత ఆపేయండి, జులైలో పేజీలు, ప్రూఫులు, ఆగస్టు మొదటి వారంలో నమూనా కాపీ. శ్రావణమాసంలో పెళ్లి కార్డుల రద్దీ ఉంటుంది కాబట్టి ఆగస్టు నడిమికి ప్రెస్సు మీద ఆధారపడే పరిస్థితి తెచ్చుకోకండి.


లంకమనవరాలు:

అందరికీ ధన్యవాదాలు. 1940 పుష్యం అనే ఖాయం చేసుకున్నాం. ఇంకో రెండు ప్రశ్నలు. నాయనమ్మ ఆవకాయ వేయాలని అందరి పట్టు. కానీ అత్తయ్యలు చెప్పే కొలతలన్నీ సోలలు, తవ్వలు, "చేతికి తెలుస్తుంది". రెండోది వంశవృక్షం. కొడుకుల వైపు మాత్రమే వేద్దామని పెద్దవాళ్లు అంటున్నారు.


వంటింటిలెక్క:

కొలతలకు దారి ఉంది. 4 గిద్దలు ఒక సోల, 2 సోలలు తవ్వ, 2 తవ్వలు మానిక. ఇది లెక్క వరకే. ఇత్తడి సోల ఇంటింటికీ కొద్దిగా తేడాగా ఉంటుంది, అందుకే పుస్తకాల్లో ఉన్న మిల్లీలీటర్ల అంకె ఎత్తి వేయకండి. ఆవిడ వాడిన సోల దొరికితే నీళ్లు అంచు దాకా పోసి వంటింటి కాటా మీద తూచండి. ఎన్ని గ్రాములు వస్తే అన్ని మిల్లీలీటర్లు. ఇక దాంట్లోనే ఆవపిండి, కారం, ఉప్పు విడివిడిగా పోసి తూచి, పుస్తకంలో సోల, గ్రాములు రెండూ వేయండి. తలకొట్టి కొలిచేవారా, గోపురంగా కొలిచేవారా అన్నది అడగడం మరవద్దు, కారం విషయంలో అది చాలా తేడా తెస్తుంది.

ఉప్పు దగ్గరే చాలా వంటకాలు చెడతాయి. ఆవిడ కొలత కల్లుప్పుది అయి ఉంటుంది. రాళ్ల మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి అదే సోలలో మెత్తటి ప్యాకెట్ ఉప్పు బరువు ఎక్కువ తూగుతుంది. సోల అని ఊరికే రాస్తే చేసినవాళ్ల ఆవకాయ ఉప్పు కషాయమవుతుంది. కల్లుప్పుని ఎండబెట్టి దంచి కొలిచేవారా, రాళ్లుగానే కొలిచేవారా అన్నది కూడా రాయండి. పాత బరువులు వస్తే వీశకు 40 పలాలు, వీశ ఇప్పటి లెక్కలో సుమారు 1.4 కిలోలు.

"చేతికి తెలుస్తుంది" అన్నదాన్ని పట్టుకోవాలంటే ఈ మామిడి కాయల కాలంలోనే ఒక అత్తయ్యతో ఆవకాయ పెట్టించండి. గిన్నెను కాటా మీద పెట్టి సున్నా చేయండి. ఆవిడ చేత్తో వేసే ప్రతిదాని బరువూ పక్కన ఒకరు రాసుకోవాలి, వేసేవాళ్లను ఆపకూడదు. ముక్క ఎంత సైజు, టెంక ఉందా, తడి తుడిచి ఎంతసేపు ఆరబెట్టారు, ఆవాలు ఎండబెట్టి ఆరోజే కొట్టారా, నువ్వుల నూనేనా, మూడోనాడు తిరగ కలిపేటప్పుడు ఇంకెంత నూనె పోశారు, ఇవన్నీ. బూజు పట్టడానికి మొదటి కారణం ముక్క తడి, రెండోది పైన నూనె తేలకపోవడం. ఆ రెండు మాటలూ వంటకం కింద వేయండి. ఒక్క ఆవకాయే కాకుండా లంక వైపు నుంచి తెచ్చుకున్న వంట ఒకటి, మెట్టినింట నేర్చుకున్నది ఒకటి పక్కపక్కన వేస్తే ఆవిడ ఎక్కణ్ణుంచి ఎక్కడికి వచ్చారో ఆ పేజీలోనే తెలుస్తుంది.


పాతదస్త్రం:

వంశవృక్షం ఆవిడ నుంచి మొదలవ్వాలి, తాతయ్య నుంచి కాదు. ఇది ఆవిడ పుస్తకం. ఆవిడ కన్న పిల్లలందరూ పుట్టిన వరసలో, కొడుకులూ కూతుళ్లూ తేడా లేకుండా, వాళ్ల పిల్లలతో సహా. కూతుళ్ల వైపు వదిలేసిన పుస్తకం పంచిన రోజే గొడవ తెస్తుంది, అదీ సంవత్సరీకం రోజున. పెద్దవాళ్లు పట్టుబడితే పైన ఒక వరస చేర్చండి: ఆవిడ అమ్మానాన్నలు ఒక పక్క, అత్తమామలు ఇంకో పక్క. సాధారణంగా దాంతో సర్దుకుంటుంది.

చిన్నప్పుడే పోయిన బిడ్డలు ఉంటే ముందు ఇంట్లో అడిగి, సరేనంటే వాళ్లనూ చేర్చండి. ఆవిడ లెక్కలో ఐదుగురు కాకపోవచ్చు. పోయినవాళ్లకు కీ.శే. వేస్తే అందరికీ వేయాలి, ఒకరికి వేసి ఒకరికి మానితే తప్పుగా కనిపిస్తుంది. బతికున్నవాళ్ల పుట్టిన తేదీలు, ఫోన్ నంబర్లు, ఇంటి అడ్రసులు వేయొద్దు. పేరు, వరస, ఊరు చాలు. పీడీఎఫ్ వాట్సాప్‌లో ఎక్కడెక్కడికి పోతుందో ఎవరూ చెప్పలేరు.

వృక్షం పేజీని ఒక్కో ఇంటికీ విడిగా పంపి "మా ఇంటి పేర్లు సరిగ్గా ఉన్నాయి" అని తిరుగు మెసేజ్ తెప్పించుకోండి. మౌనాన్ని అంగీకారం అనుకోకండి. చివర ఒక ఖాళీ పేజీ ఉంచితే ఇంకా పుట్టబోయే పిల్లల పేర్లు చేత్తో రాసుకుంటారు. ఆ పేజీకి మ్యాట్ ఆర్ట్ పేపరు కాకుండా మాప్‌లిథోనే వేయించండి, ఆర్ట్ పేపరు మీద ఇంకు పెన్ను అలుక్కుపోతుంది.